పక్క సీటు బ్రేకు

నవంబరు 3, సోమవారం

ఈ డైరీ టైర్ల కొట్టాయన కొత్త సంవత్సరానికి ఇచ్చాడు. ఇన్నాళ్ళూ బీరువా మీద దుమ్ము తింటూ పడి ఉంది. ఇవాళ తీసి రాస్తున్నానంటే కంగారు పడి కాదు. చేతులు ఊరుకోవడం లేదు, అంతే.

పొద్దున బ్యాంకు మేడమ్‌కి డ్రైవింగు క్లాసు. ఆవిడ మూడో గేరులోంచి రెండోదానికి రాబోయి దారి తప్పి వెతుక్కుంటుండగా నా ఫోను మోగింది. మా ఆవిడ.

"నొప్పులొస్తున్నాయి," అంది తను.

"ఇంకా నెల పైనే ఉందిగా?" అన్నాను.

"ఆ సంగతి లోపలున్నవాళ్ళకి చెప్పు."

బ్యాంకు మేడమ్‌ని నేను నడిరోడ్డు మీద దింపేశానని తను వాళ్ళమ్మకి అప్పుడే ఫోనులో చెప్పేసింది. శుద్ధ అబద్ధం. బస్టాపు పక్కన దింపాను. ఇండికేటరు కూడా వేశాను.

నేను వెళ్ళేసరికి పక్కింటావిడ తనని ఆసుపత్రిలో చేర్చేసింది. డాక్టరమ్మ ఏవో మందులిచ్చి నొప్పులు ఆపేసింది. బ్రేకు వేసిందన్నమాట. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి సూది కూడా వేశారు. "ఇంకో రెండు వారాలు కడుపులోనే ఉంటే నాకు బెంగ లేదు. అంతకంటే ముందొస్తే ఊపిరి దగ్గర ఇబ్బంది పడొచ్చు," అంది. తను తల ఊపింది. నేనూ నిబ్బరంగా ఊపాను. బయటికొచ్చి చూసుకుంటే చొక్కా వీపంతా తడిసిపోయింది. ఆ ఆసుపత్రిలో ఏసీ సరిగా పనిచెయ్యడం లేదు.

రెండు వారాలు. ఎవరినైనా ఆపడమే కదా నేను పదకొండేళ్ళుగా చేస్తున్న పని.

నవంబరు 5, బుధవారం

ఇంటికి పంపించారు. బాత్రూముకి తప్ప మంచం దిగకూడదన్నారు. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తానన్నాను.

"నువ్వా? మొన్న గ్యాసు బండ మోసి మూడు రోజులు వంకరగా నడిచావు," అంది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి తనే ఎక్కింది. నేను వెనకాలే రెండు చేతులూ చాచి ఎక్కాను, పడితే పట్టుకుందామని. పై ఇంటి వాళ్ళు దిగుతూ మమ్మల్ని చూసి నవ్వుకున్నారు. వాళ్ళకేం, నవ్వుతారు.

అత్తగారు దిగారు. ఆవిడతో పాటు ఆవిడంత సంచీ కూడా.

తను పక్కకి ఒత్తిగిలితే చాలు, లేచి నిలబడుతున్నాను. దగ్గితే పరిగెత్తి వెళ్తున్నాను. సాయంత్రానికి తనకి విసుగొచ్చింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంది.

అత్తగారు కిసుక్కున నవ్వారు. కత్తిపీటకి కూడా దాని బాధలు దానికి ఉంటాయని ఈ తల్లీకూతుళ్ళకి తెలియదు.

అంతటితో వదిలిందా? పాత సంగతి తవ్వింది. "నీ దగ్గర డ్రైవింగు నేర్చుకున్నప్పుడూ ఇంతేగా! నేను తొక్కేలోపు నువ్వే బ్రేకు తొక్కేసేవాడివి. లైసెన్సు వచ్చాక గానీ తెలీలేదు, కారు నా మాట కూడా వింటుందని." పెళ్ళయ్యాక నేను పక్కనుంటే తను స్టీరింగు ముట్టుకోలేదు. నాలుగేళ్ళుగా మాత్రం ఇంట్లో నన్ను సార్ అనే పిలుస్తోంది. మొదట్లో గౌరవం అనుకున్నాను.

నవంబరు 7, శుక్రవారం

ఇవాళ ఆసుపత్రి దారికి రిహార్సల్ చేశాను. జాగ్రత్త వేరు, కంగారు వేరు. నాది మొదటిది.

కారు మా డ్రైవింగు స్కూలుదే, ఇంటికి తెచ్చుకోనిస్తారు. నెత్తిన "నేర్చుకుంటున్నాం, దూరంగా ఉండండి" అని బోర్డు. నడిపేవాళ్ళకి ఒక జత పెడళ్ళు, పక్క సీటు కింద నాకో జత. వెనక సీటు స్ప్రింగులు పోయి గుచ్చుకుంటున్నాయి కాబట్టి తనని ముందే కూర్చోబెట్టి, సీటు వెనక్కి వాల్చాలని నిర్ణయించాను. తన బదులు అత్తగారిని కూర్చోబెట్టాను. ఆవిడకి ఎక్కడ కూర్చున్నా కాళ్ళు పైకి మడుచుకునే అలవాటు. కారు సీటు మీద కూడా బాసింపట్టు వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఇప్పుడు నొప్పి వచ్చిందనుకోండి అత్తయ్యగారూ," అన్నాను.

"అనుకోవడమెందుకు బాబూ, వస్తూనే ఉంది. నడుము నొప్పి. ఆ గతుకులు చూసి తోలు."

రిహార్సల్ దిగ్విజయం. ఎంత వెతికినా ఒక్క లోపం కనిపించలేదు.

నవంబరు 8, శనివారం

మధ్యాహ్నం తను పడుకునే అడిగింది. "కాన్పు గదిలోకి భర్తని రానిస్తారట. డాక్టరమ్మ అడగమంది. వస్తావా?"

"తప్పకుండా," అన్నాను. ఇంత గట్టిగా ఈ మధ్య నేనే మాటా అనలేదు.

తను నా మొహం వంక కాసేపు చూసింది. "రక్తం చూస్తే నీకు..."

ఆ కథ ఎన్నిసార్లు చెబుతుందో! ఒకసారి టమాటా కోస్తూ వేలు కోసుకున్నాను, వంటింట్లో కాసేపు నేల మీద పడుకున్నాను. నేల చల్లగా ఉంటుందని పడుకున్నాను.

"నువ్వు పక్కనుంటే నాకు ధైర్యంగా ఉంటుంది," అంది తను. ఎకసెక్కం లేకుండా అంది. అలా అన్నప్పుడే నాకు ఏం చెయ్యాలో తోచదు. లేచి వెళ్ళి మంచినీళ్ళ సీసా నింపుకొచ్చాను. అది అప్పటికే నిండుగా ఉందట.

చివరి నిమిషంలో డాక్టర్లు మనసు మార్చుకుని భర్తల్ని బయటే ఉండమంటారని ఎక్కడో విన్నాను. అలా అంటే బాధపడతాను. చాలా బాధపడతాను. కానీ తట్టుకోగలను.

నవంబరు 9, ఆదివారం

ఏమీ జరగలేదు. అడిగినప్పుడల్లా ఏమీ లేదనే అంది. ఆఖరిసారి దిండు విసిరింది.

నవంబరు 10, సోమవారం

ఒక వారం ఆపేశాం. డాక్టరమ్మా, నేనూ.

నవంబరు 11, మంగళవారం

కారు సర్వీసింగుకి ఇచ్చిన రోజే నొప్పులు రావాలా? టాక్సీ పిలవాల్సి వచ్చింది. నా రిహార్సల్ అంతా వృథా. పైగా ఆ టాక్సీవాడు నేను అనుకున్న దారి కాకుండా వేరే సందులోంచి తీసుకెళ్ళి తొందరగా చేర్చాడు. అలా నడిపేవాళ్ళవల్లే రోడ్లు ఇలా తగలడ్డాయి.

ఆసుపత్రిలో ఒక సిస్టరు ఉంది. ఏమడిగినా "ఇంకా టైముంది" అంటుంది. పొట్ట మీద చెయ్యి వేసి చూసి, మిషను పెట్టి చూసి, "ఇవి దొంగ నొప్పులు. ఇంకా టైముంది," అని తేల్చేసింది.

"దొంగవో నిజమైనవో మాకెలా తెలుస్తుంది?" అన్నాను.

"నిజమైనవి వచ్చినప్పుడు మీరిలా నిలబడి ప్రశ్నలడగరు," అంది.

తిరిగొస్తుంటే టాక్సీలో అత్తగారు నన్ను ఓదార్చారు. "వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికి తెలుసు బాబూ!" సామెతలో వాన దాకా చెప్పి ఊరుకోవచ్చు కదా. తను కిటికీలోంచి బయటికి చూస్తూ పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. తనకీ భయంగా ఉంది. నాకు చెప్పదు, చెబితే నన్ను కూడా ఓదార్చాల్సి వస్తుందని.

నవంబరు 13, గురువారం

కారు వచ్చింది. క్లాసుకి వెళ్ళాను. బ్రేకు మరీ బిగించినట్టున్నారు, కాలు పెడితే చాలు పట్టేస్తోంది. బ్యాంకు మేడమ్ ఇవాళ నిజానికి బాగానే నడిపింది. కానీ ఎదర కుక్క కనిపించింది, తొక్కాను. సైకిలు కనిపించింది, తొక్కాను. ఒక చోట ఏమీ కనిపించలేదు, అయినా ముందు జాగ్రత్తగా తొక్కాను.

ఆవిడ కారు పక్కకి ఆపి, స్టీరింగు మీంచి చేతులు తీసేసి నా వైపు తిరిగింది. "సార్, ఒక మాట అడుగుతా. ఏమీ అనుకోరుగా? మీరే తొక్కుతుంటే నేనెప్పుడు నేర్చుకోవాలి?"

"మీ క్షేమం కోసమే మేడమ్."

"నా క్షేమం నేను చూసుకుంటా గానీ, మీరు ఇంటికెళ్ళండి. మొహం చూడండి, కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. అయినా ఫోను వస్తే నన్నెలాగూ బస్టాపులో దింపుతారు. ఆ దింపేదేదో ఇప్పుడే దింపండి."

దింపాను. తొందరగా ఇంటికొచ్చేసరికి తల్లీకూతుళ్ళు పేర్లు వెతుకుతున్నారు. ఇప్పట్నించే పేర్లెందుకన్నాను. ఆలూ చూలూ రెండూ ఉన్నాయి, పేరుకి మాత్రం తొందరేముంది. రెండు వారాల్లో ఇంక మిగిలింది నాలుగు రోజులు.

నవంబరు 14, శుక్రవారం. ఆసుపత్రి వరండా

నాలుగు రోజులు ఆగలేదు.

వరసగా రాస్తాను. వరసగా రాస్తే మనసు కుదుటపడుతుందేమో.

తెల్లవారి అత్తగారు టీ పెడుతుండగా తను పిలిచింది. పక్క తడిసిపోయింది. ఉమ్మనీరు. "సార్, ఇవి దొంగవి కావు," అంది, ఎంతో ప్రశాంతంగా. నేనూ అంతే ప్రశాంతంగా చెప్పులేసుకున్నాను. ఇప్పుడు వరండాలో కూర్చుని చూసుకుంటున్నాను, అందులో ఒకటి అత్తగారిది.

కిందికి దిగాం. తలుపు తీసుకుని కారులో కూర్చున్నాను. బెల్టు పెట్టుకున్నాను. అద్దం సరిచేసుకున్నాను. "ఊఁ, స్టార్ట్ చెయ్యి," అన్నాను.

ఎవరూ స్టార్ట్ చెయ్యలేదు.

తను నా కిటికీ బయట నడుం పట్టుకుని నిలబడి ఉంది. "ఏం సార్, నేను నడపాలా?"

పక్క సీటు. పదకొండేళ్ళుగా నేను కూర్చునే సీటు. అందులోనే కూర్చున్నాను. అత్తగారు వెనకనించి "దిగు నాయనా, దిగు" అన్నారు. దిగబోతే బెల్టు రాలేదు. తనే వంగి, ఆ నొప్పితోనే, నా బెల్టు తీసి పెట్టింది.

మొత్తానికి ఎవరి సీట్లలో వాళ్ళం కూర్చున్నాం. అంటే నా సీట్లో తను కూర్చుంది. మెయిను రోడ్డు ఎక్కామో లేదో కారు కీచుమని నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఇంజను ఆరిపోయింది. సర్వీసింగువాణ్ణి తిట్టుకుంటూ మళ్ళీ స్టార్ట్ చేశాను. కాస్త దూరం వెళ్ళామో లేదో మళ్ళీ కీచుమంది. వెనక హారన్లు. అప్పుడు కిందికి చూశాను. తన కుడికాలు నా బ్రేకు మీద ఉంది. మామూలుగా కాదు, నేలలోకి దిగిపోయేలా తొక్కి పట్టి ఉంది.

"కాలు తియ్యి!" అన్నాను.

"నొప్పి... పోతే... తీస్తా," అంది పళ్ళ మధ్య నుంచి.

"కాళ్ళు పైకి మడుచుకోవే, నాలాగా," అన్నారు అత్తగారు.

"పొట్టెక్కడ పెట్టుకోనమ్మా?"

ఇది రిహార్సల్లో తేలకపోవడానికి కారణం ఎవరో చెప్పక్కర్లేదు. నేను ఎవరినీ నిందించడం లేదు.

అలా ప్రతి నొప్పికీ ఆగుతూ వెళ్ళాం. వెనకవాళ్ళు మొదట హారన్లు కొట్టారు, తర్వాత నెత్తిన బోర్డు చదువుకుని జాలిపడ్డారు. సిగ్నలు దగ్గర ఒక లారీ డ్రైవరు పక్కన ఆపి, పైనుంచి తొంగి చూసి నాతో అన్నాడు: "పర్లేదన్నా, మొదట్లో అందరికీ ఇంతే. క్లచ్చు మెల్లగా వదులు." నా దగ్గర నేర్చుకున్న లారీ డ్రైవర్లే ఈ ఊళ్ళో పాతికమంది ఉంటారు. ఈయన మాత్రం కాదు.

నొప్పి తగ్గగానే తను నవ్వింది. చెమటలు కారుతున్నాయి, కళ్ళల్లో నీళ్ళు, అయినా నవ్వు ఆగడం లేదు. "ఇప్పుడర్థమైంది సార్. తోలేది ఇంకొకళ్ళూ, భయం మనదీ అయితే కాలు దానంతటదే పోతుంది."

పచ్చ సిగ్నలు పడింది, గేరు వేశాను.

అదే రోజు, అదే వరండా

"ఇంకా టైముంది" సిస్టరు డ్యూటీలో ఉంది. లోపలికి తీసుకెళ్ళి చూసి వచ్చి చెప్పింది, ఇంకా టైముంది. మొదటి కాన్పు, నెమ్మదిగా సాగుతుందట. అవసరమైనప్పుడు పిలుస్తామంది. ఈసారి ఆపే మందులు ఇవ్వరట. "నీరు పోయాక ఆపకూడదు. ఇప్పుడు దాని దారిన దాన్ని రానివ్వాలి," అంది డాక్టరమ్మ. పిల్లల డాక్టరుకి కూడా కబురు పెట్టారు. ఎందుకని నేను అడగలేదు. ఎందుకో తెలుసు.

వరండాలో నాతో పాటు ఒకాయన ఉన్నాడు. వాళ్ళావిడకి మూడో కాన్పట. తువ్వాలు చుట్టి తలకింద పెట్టుకుని బెంచీ మీద నిద్రపోతున్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు ఉండటమంటే అదే. నేను కాలుగాలిన పిల్లిలా ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతుంటే ఒక కన్ను తెరిచాడు.

"మొదటిసారా?"

"అవునండీ."

"కూర్చో తమ్ముడూ. నీ చెప్పుల చప్పుడుకి నిద్ర పట్టట్లేదు. ఒకటి టకటక, ఒకటి టపటప."

అదే రోజు

ఇంకా టైముంది.

అదే రోజు

అత్తగారు లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. బయటికొచ్చినప్పుడల్లా నాకో బిస్కెట్టు ఇస్తున్నారు. తింటున్నాను. ఏం తింటున్నానో తెలియడం లేదు. "అరవడం లేదు నాయనా, మొండిఘటం. ఆ మంచం కమ్మీ మాత్రం వంగిపోయేట్టుంది," అన్నారు.

"నా గురించి అడిగిందా?"

"చెప్పులు మార్చుకున్నావో లేదో కనుక్కోమంది."

అదే రోజు, మధ్యాహ్నం దాటింది

డాక్టరమ్మ వచ్చి చెప్పింది. నొప్పి వచ్చినప్పుడు బిడ్డ గుండె కొంచెం నెమ్మదిస్తోందట. నొప్పి పోగానే మళ్ళీ అందుకుంటోందట. "చూస్తూ ఉన్నాం. మరీ నెమ్మదిస్తే ఆపరేషను చేసేస్తాం. ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టాను. నా సంతకంలా లేదు అది.

తలుపు తెరుచుకున్నప్పుడల్లా మిషను చప్పుడు వినిపిస్తోంది. టుక్ టుక్ టుక్. పరిగెడుతున్నట్టే ఉంటుంది, ఉన్నట్టుండి అడుగులు తడబడతాయి. తలుపు మూసేస్తారు. తర్వాతేమైందో తెలియదు.

నెమ్మది అన్నది ఇన్నాళ్ళూ నాకు మంచి మాట. అందరికీ అదే చెబుతాను, నెమ్మది, నెమ్మది. ఇవాళ లోపల ఉన్న ఆ చిన్న గుండెతో తొందరగా, తొందరగా అనాలనిపిస్తోంది. 

అదే రోజు

భయంగా ఉంది.

కంగారు కాదు, చిరాకు కాదు, ఏసీ కాదు. భయం. మొదటి రోజు నుంచీ ఉంది. ఆ బిడ్డ ఊపిరి తీసుకోలేకపోతే? తనకేమైనా అయితే? తను లేకపోతే నన్ను సార్ అని ఎవరు పిలుస్తారు, ఆ ఇంట్లోకి నేనొక్కణ్ణీ ఆ మెట్లన్నీ ఎలా ఎక్కుతాను? రాశాను. రాస్తే తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు.

పిలుస్తున్నారు

సిస్టరు తలుపు తీసి "భర్త ఎవరు? రండి," అంది. ఇంకా టైముందా అన్నాను. "లేదు," అంది. మొదటిసారి ఆ మాట అంది. లేవాలి. ఈ వాక్యం రాసి లేస్తాను.

నవంబరు 15, శనివారం

నిన్న ఆ వాక్యం రాశాక కూడా లేవలేదు. అది ఇక్కడ రాయాలి. డాక్టరమ్మే మనసు మార్చుకుంటుందేమోనని ఇంకా ఆశ. బెంచీ మీది మూడో కాన్పు ఆయన లేచి కూర్చున్నాడు.

"వెళ్ళు తమ్ముడూ. మొదటిసారి నన్నూ పిలిచారు. టీ తాగి వస్తానని వెళ్ళాను. ఆవిడ ఇప్పటికీ టీ ఇచ్చినప్పుడల్లా గుర్తు చేస్తుంది," అని నా చంకల కింద చేతులు పెట్టి లేపాడు. డైరీ లాక్కుని ఆయనే పట్టుకున్నాడు. లోపల చదివాడో లేదో తెలియదు. పొద్దున ఇచ్చేటప్పుడు మాత్రం నా భుజం తట్టాడు.

లోపల తను నన్ను చూడగానే చెయ్యి చాపింది. పట్టుకున్నాను. పట్టుకున్నది నేనా తనా అన్నది తర్వాత వేళ్ళు చూసుకుంటే తెలిసింది. మిషను టుక్ టుక్ మంటోంది. నొప్పి వచ్చింది, చప్పుడు నెమ్మదించింది. డాక్టరమ్మ "ఊఁ, ఇప్పుడు ముక్కు, బలంగా," అంది. తను ముక్కింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ముక్కింది. నేను తన తల దగ్గర నిలబడి ఉన్నాను. రక్తం వైపు చూడలేదు. తన మొహమే చూస్తున్నాను. నేనేం చేస్తున్నానో నాకు తెలియదు.

"కాలు తియ్యి," అంది తను.

నాకు అర్థం కాలేదు. సిస్టరుకీ అర్థం కాలేదు, ఏ ట్యూబు మీదో కాలేశాననుకుని కంగారుగా కిందికి చూసింది. నేనూ చూసుకున్నాను. నా కుడికాలు నేలని తొక్కి పట్టి ఉంది. పిక్క బిగుసుకుపోయింది. నొప్పి వచ్చినప్పుడల్లా తొక్కుతున్నానట. ఆ తొక్కుడుకి నా చెయ్యి కూడా బిగిసి తనని వెనక్కి లాగుతున్నానట.

"బ్రేకు మీంచి కాలు తియ్యి సార్! నేను తోలుతున్నా!"

ఆ గదిలో అందరూ విన్నారు. వరండాలో కూడా విన్నారట, అత్తగారు చెప్పారు.

తీశాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పెడితే మళ్ళీ తొక్కుతానేమోనని కాలు పైకెత్తి, కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డాను. చెయ్యి వదులు చేశాను. ఆపడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. తను నన్ను చూడటం మానేసి, కళ్ళు మూసుకుని, గడ్డం గుండెలకి ఆనించుకుని, ఎవరూ చెప్పకుండానే ముక్కింది. నా భార్య అంత బలమైన మనిషని నాకు నిన్ననే తెలిసింది.

నేను ఒంటికాలి మీద ఉండగా మా అమ్మాయి పుట్టింది.

ఏడవలేదు.

పిల్లల డాక్టరు బిడ్డని పక్క బల్ల మీదికి తీసుకెళ్ళి వీపు రుద్దుతున్నాడు. గొంతులోంచి ఏదో తీస్తున్నాడు. "ఏమైంది? ఏమైంది?" అంటోంది తను. నాకు అడ్డుగా వాళ్ళ వీపులున్నాయి. ఎంతసేపో తెలియదు. తర్వాత సన్నగా, గేరు పడనప్పుడు వచ్చే చప్పుడులాంటిది ఒకటి వినిపించింది. తర్వాత ఇంకోటి, దానికంటే గట్టిగా. అప్పుడు కాలు కింద పెట్టాను. పెట్టగానే నేను కూడా కింద పడ్డాను.

నేల చల్లగానే ఉంది.

నవంబరు 17, సోమవారం

రెండు వారాలు ఇవాళ్టికి నిండేవి.

పాప అద్దాల పెట్టెలో ఉంది. ముక్కు దగ్గర గొట్టం. ఊపిరి తనే తీసుకుంటోంది, గొట్టం కాస్త సాయం చేస్తోంది అంతే, అంటాడు పిల్లల డాక్టరు. ఛాతీ ఎగిరెగిరి పడుతుంటుంది. ఒక్కోసారి ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య కాసేపు ఆగుతుంది. అప్పుడు నేనూ ఆపుతాను. తను వీల్ ఛైర్లో పక్కనే కూర్చుని చూస్తుంది, పాపనీ నన్నూ. "నువ్వు ఊపిరి తీసుకో సార్. అది తీసుకుంటుంది," అంటుంది.

పాపని ఇంటికెప్పుడు పంపుతారని "ఇంకా టైముంది" సిస్టరుని అడిగాను. ఎప్పటి మాటే అంది. ఆ మాటకి ఇవాళ మొదటిసారి సంతోషించాను.

నవంబరు 20, గురువారం

గొట్టం తీసేశారు.

నవంబరు 26, బుధవారం

ఇల్లు చేరాం.

పొద్దున కారు దగ్గరికి రాగానే తను చెయ్యి చాచింది. "తాళం."

"నువ్వా?"

"ఇక్కడికొచ్చేటప్పుడు నీ సీట్లో కూర్చున్నాగా. ఇప్పుడు నా సీట్లో కూర్చుంటా. డాక్టరమ్మని అడిగా, పర్లేదంది."

"పచ్చి బాలింత కారు తోలడమేంటే!" అని అత్తగారు నానా గొడవా చేశారు. తర్వాత ముందు సీట్లో ఎక్కి, అలవాటుగా కాళ్ళు పైకి మడుచుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను పాపని ఎత్తుకుని వెనక సీట్లో కూర్చున్నాను, స్ప్రింగుల మీద. పక్క సీటు బ్రేకు దగ్గర ఎవరి కాలూ లేదు. నేను కారులో ఉండి, ఇంకొకళ్ళు తోలుతుండగా అది ఖాళీగా ఉండటం ఇదే మొదలు.

తను ఎంత బాగా నడుపుతుందో రాయాలి. నాలుగేళ్ళుగా నేను చూడలేదు. అద్దం చూసుకుంది, ఇండికేటరు వేసింది, గతుకుల దగ్గర పాప కదలకుండా పోనిచ్చింది. అది నేను నేర్పింది కాదు. సిగ్నలు దగ్గర పసుపు పడింది, నేను నోరు తెరిచాను, మూసుకున్నాను. తనే ఆపింది.

మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. నా కుడికాలు లేచింది. అదే సమయానికి పాప గుడ్డలోంచి కాలు చాపి, నా అరచేతిని గట్టిగా తొక్కింది. బొటనవేలంత పాదం. ఎంత బలమో!

కారు ఆగలేదు. బస్సు దాని దారిన అది వెళ్ళిపోయింది.

ఆ పాదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా గుడ్డలో పెట్టాను.

"కాలు తియ్యమ్మా," అన్నాను పాప చెవి దగ్గర. "అమ్మ తోలుతోంది."